చలికి సాగిన కడ్డీలు

వంతెన ఆఫీసు, నది గట్టు
చలి మొదలవుతున్న రోజులు

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగున్నాం. ఇక్కడ ఫోన్ ఒక్కటే ఉంది, అది పెద్దాయన బల్ల మీద ఉంది. నేను నీతో మాట్లాడుతుంటే ఆయన ఏదో డ్రాయింగు చూస్తున్నట్టు నటిస్తూ మన ఇంటి సంగతులన్నీ శ్రద్ధగా వింటారు. పైగా ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే పోట్లాటకి దిగుతాం. కాగితం మీదయితే నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

పెద్దాయన అంటే మా చీఫ్ ఇంజనీరు. ఈ కొత్త వంతెన గీసింది, కట్టించింది ఆయనే. దాన్ని కనిపెట్టుకుని ఉండటం ఇప్పుడు నా ఉద్యోగం. మనుషులు నడిచే వంతెనే. బళ్లు ఎక్కవు. ఈ ఒడ్డున ఊరు, ఆ ఒడ్డున నేత మిల్లు, దాని పక్కన బడి. పొద్దున్నే మిల్లు జనమంతా ఒక్కసారిగా ఎక్కుతారు. నీ మరదలు కూడా వాళ్లతోనే వెళ్తుంది, ఆ బడిలోనే ఆమెకి ఉద్యోగం దొరికింది. అంతమంది ఒకే అడుగు వేసినట్టు నడుస్తుంటే వంతెన ఊగాలి కదా. ఊగదు. మొదలవుతుంది, అంతలోనే సద్దుకుంటుంది. ఆ మాయంతా రెండు చివర్లా గట్టు మీది సిమెంటు దిమ్మల్లోంచి వంతెనకి బిగించిన కడ్డీలది. బొటనవేలంత లావు. జనం దాటుతున్నప్పుడు వాటిలో ఒకదాన్ని పట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉంది. పొడుగు మేస్త్రి నవ్వాడు. "దానికీ జ్వరం వస్తది సార్, జనం దిగిపోతే తగ్గుద్ది" అన్నాడు.

ఈ కడ్డీలని పరీక్షించింది మీ లాబే అని పెద్దాయన చెప్పారు. మా అక్క అక్కడే ఉందని గొప్పగా చెప్పాను. ఇప్పుడు ఆయన ఏదైనా అడిగితే నాకేమీ తెలియదని బయటపడుతుంది. కాబట్టి నా పరువు నిలబెట్టు. అవి ఎలా పనిచేస్తాయో నాకు అర్థమయ్యే భాషలో రాయి.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

*

లోహాల లాబ్, కింది అంతస్తు

తమ్ముడూ,

నీ పరువు సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

మామూలు ఉక్కుని లాగితే కొంచెం సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. ఇంకా గట్టిగా లాగితే సాగినట్టే ఉండిపోతుంది. మీ కడ్డీల లోహం అలా కాదు. దాని లోపల పరమాణువులు రెండు రకాలుగా కూర్చోగలవు. ఒకటి నిటారుగా, ఒకటి ఒక పక్కకి వాలి. ఊరికే ఉన్నప్పుడు అన్నీ నిటారుగా ఉంటాయి. లాగినప్పుడు అన్నీ ఒకేసారి వాలిపోవు. ఒక చివర మొదలవుతుంది. వాలిన భాగానికీ నిటారు భాగానికీ మధ్య ఒక సరిహద్దు పుడుతుంది. లాగుతున్నకొద్దీ ఆ సరిహద్దు కడ్డీ పొడుగునా జరుగుతూ పోతుంది. వదిలేస్తే వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. కడ్డీని అద్దంలా నునుపు చేసి పెడితే దాన్ని కంటితో చూడొచ్చు. మెరిసే భాగం తరిగిపోతూ, మసక భాగం పెరుగుతూ ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. బావ, నువ్వు మనుషుల్ని ఎప్పుడైనా ఇంత ప్రేమగా చూశావా అని అడుగుతారు.

ఆ సరిహద్దు ముందుకు వెళ్లడానికి ఎంత బలం కావాలో, వెనక్కి వచ్చేటప్పుడు అంతా తిరిగి ఇవ్వదు. కొంత తినేస్తుంది. తిన్నది వేడి అవుతుంది. మీ జనం నడకలోని ఊపుని తినేది అదే. నీ చేతికి తగిలిన గోరువెచ్చదనం అదే. మీ పొడుగు మేస్త్రి చెప్పింది దాదాపు నిజం.

అక్కడ చలి ఎలా ఉంటుంది? నది ఒడ్డు కదా, మంచు పడుతుందా? గట్టు దిమ్మలు నీడలో ఉంటాయా, ఎండలోనా? ఊరికే అడుగుతున్నాను.

మరదలిని గొంతు కప్పుకుని వెళ్లమను.

అక్క

*

వంతెన ఆఫీసు

అక్కా,

నువ్వు రాసిందంతా పెద్దాయనకి నా సొంత మాటల్లా అప్పజెప్పాను. చాలాసేపు విన్నారు. "మీ అక్కయ్య బాగా చెప్పారయ్యా" అన్నారు. నా పరువు అక్కడితో సరి.

చలి గురించి అడిగావు. మా ఆవిడ గొంతు గురించి అయితే ఆమెకి రాయి, నా మాట వినదు. నిజంగానే తెలుసుకోవాలంటే విను. పొద్దున బకెట్లో నీళ్ల మీద పొర కడుతోంది. మబ్బు కమ్మి చాలా రోజులైంది, సూర్యుడు ఎలా ఉంటాడో మరిచిపోతున్నాం. ఎగువ వైపు దిమ్మలకి, ఎండ అంటూ ఉంటే, నేరుగా తగులుతుంది. దిగువ వైపువి వంతెన నీడలోనే ఉంటాయి. చాలా? ఎప్పటి నుంచి నీకు వాతావరణం మీద ఇంత ఆసక్తి?

ఒక్క విషయం. వంతెన ఇప్పుడు ఊగుతోంది. ప్రమాదమేమీ కాదు, కానీ ఊగుతోంది. నిన్న మా ఆవిడ ఇంటికి వచ్చి, పడవ దిగినట్టుగా ఉందని మంచం మీద కూర్చుండిపోయింది. మిల్లు ఆడవాళ్లు రెయిలింగు పట్టుకుని నడుస్తున్నారు. కొందరు మేనేజరుకి చెప్పారట, ఆయన పెద్దాయనకి ఫోన్ చేశారు. పెద్దాయన ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆయన సంగతి నీకు తెలియదు. నాకు పని నేర్పింది ఆయనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కొలత తప్పు రాస్తే, పదిమందిలో తన తప్పని చెప్పుకుని, తర్వాత గదిలోకి పిలిచి నెమ్మదిగా దిద్దారు. అలాంటి మనిషి తన వంతెన గురించి మాట పడుతుంటే చూడలేకపోతున్నాను.

కడ్డీలని పట్టుకుని చూశాను. జనం నిండుగా ఉన్నప్పుడు కూడా మంచుగడ్డల్లా ఉన్నాయి. జ్వరం రావడం మానేసింది.

నీ తమ్ముడు

*

లోహాల లాబ్

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది చిన్న ఉత్తరం, ఏమీ అనుకోకు.

కడ్డీలు వేలాడుతున్నట్టు ఉన్నాయా? చేత్తో కదిపితే ఆడుతున్నాయా? అవి ఉండాల్సిన దానికంటే పొడుగ్గా ఉన్నాయేమో ఎవరైనా కొలిచారా? ఇవి తెలుసుకుని వెంటనే రాయి.

ఇక్కడ ఒక పని మీద ఉన్నాను. దాని గురించి బయట మాట్లాడకూడదని మా ప్రొఫెసరుగారు గట్టిగా చెప్పారు. కడ్డీలు చేసిన కంపెనీ నుంచి జవాబు రావాలట, వచ్చేదాకా నోరు మెదపొద్దట. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తలుపు దగ్గరగా వేసి, నీ ఉద్యోగం సంగతి కూడా చూసుకోవాలి కదమ్మా అన్నారు. నా సంగతి సరే. బావకి పనిలేని ఈ రోజుల్లో నేనొక్కదాన్నే సంపాదిస్తున్నానని ఆయనకీ తెలుసు.

అన్నీ సర్దుకుంటాయిలే. చలి తగ్గిందా?

అక్క

*

వంతెన ఆఫీసు

అక్కా,

నువ్వు అంత దిగులుగా రాయడం ఎందుకో తెలియలేదు. ఇక్కడ అన్నీ మంచి వార్తలే.

నువ్వు అనుకున్నది నిజం. కడ్డీలు వదులైపోయాయి. చేత్తో కదిపితే గుడ్డలారేసే తీగలా ఆడాయి. నీ ఉత్తరం రాకముందే పొడుగు మేస్త్రి ఆ సంగతి నా చెవిన వేశాడు. నేను పెద్దాయనతో అన్నాను, బిగిద్దామని. ఆయన కాసేపు ఆలోచించి, నీకు సరే అనిపిస్తే నాకూ సరే అన్నారు. మేస్త్రి, మనుషులు కలిసి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా అన్ని నట్లూ బిగించారు. పెద్ద పానాకి పైపు తగిలించి, ఇద్దరేసి వేలాడి తిప్పారు. ఇప్పుడు మీటితే మోగుతున్నాయి.

వంతెన నిలకడగా ఉంది. మొదటి రోజుల్లోలా గోరువెచ్చగా లేదు గానీ, బిగువుకే ఊపు చాలావరకు ఆగింది. మిల్లు మేనేజరు స్వయంగా వచ్చి పెద్దాయన చెయ్యి కలిపారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి అందరి ముందూ, ఇది మా వాడి ఆలోచన అన్నారు. మా ఆవిడ ఆ రోజు నాకు రెండు కూరలు చేసింది. నేనెంత గొప్పవాణ్ణో నువ్వే అర్థం చేసుకో.

చలి ఇంకా అలాగే ఉంది. కానీ గాలి మారుతోందని, వచ్చే వారం మబ్బు విడుతుందని రేడియోలో చెప్తున్నారు. ఎండ కోసం ఊరంతా ఎదురుచూస్తోంది.

నీ తమ్ముడు

*

బస్సు స్టాండు

తమ్ముడూ,

పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని, మీ ఊరి బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. చదివిన వెంటనే పనిలోకి దిగు.

మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నువ్వు ఆ ఒడ్డున ఉన్నావట. పెద్దాయనకే చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు. చివరికి, "అమ్మా, ఈ కడ్డీలు మంచివని రాసిచ్చింది మీ లాబే కదా. ఇప్పుడు నేను ఏ మాట నమ్మాలి?" అన్నారు. ఆయన అడిగింది సబబే.

మేము రాసిచ్చింది వెచ్చటి గదిలో చేసిన పరీక్ష గురించి. చలిలో ఎవరూ చెయ్యమనలేదు. చలికాలానికి ముందు నాకే తెలుసుకోవాలనిపించి, మిగిలిన కడ్డీ ముక్కని చలి గదిలో పెట్టి లాగాను. సరిహద్దు ముందుకు వెళ్లింది. వదిలేశాను. వెనక్కి రాలేదు. ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చలిలో ఆ లోహానికి వాలి కూర్చోవడమే హాయి. లాగిన కొద్దీ కడ్డీ సాగి, సాగినట్టే ఉండిపోతుంది. మీవి వదులైంది అందుకే.

సాగిన ముక్కని బయట పెడితే, వెచ్చబడగానే సరిహద్దు వెనక్కి నడిచి, కడ్డీ మళ్లీ పొట్టిదవుతుంది. దానికి పెద్ద వేడి అక్కర్లేదు. ముట్టుకుంటే చల్లగా అనిపించనంత చాలు. ఇప్పుడు అసలు సంగతి విను. రెండు చివర్లా కదలకుండా బిగించి ఉంచితే, పొట్టిదవడానికి దారి లేక లాగుతుంది. మా యంత్రం దవడలో బిగించి వెచ్చబెట్టాను. దవడ ఉక్కు చిట్లింది. అంత గట్టి ఉక్కు. మీ దిమ్మలు సిమెంటువి.

మీరు సాగిన కడ్డీలనే బిగించారు. ఎండ తగిలితే ఎగువ వైపువి ముందు లాగుతాయి, నీడలో ఉన్నవి లాగవు. వంతెన మెలి తిరుగుతుంది.

చలిగా ఉండగానే అన్ని నట్లూ వదులు చెయ్యి. ఎగువ వైపు ముందు. కడ్డీకి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకు. అది అయ్యేదాకా వంతెన మీదకి ఒక్కరిని కూడా రానివ్వకు. ఊగితే ఊగనీ, ఊగే వంతెన మనిషిని చంపదు. మరదలిని ఇంట్లో ఉంచు.

అక్క

*

వంతెన ఆఫీసు

అక్కా,

డ్రైవరు సాయంత్రం నీ ఉత్తరం ఇచ్చాడు. చదివి నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్లాను.

ఆయన కోప్పడలేదు. నీ ఫోన్ తర్వాత దిమ్మల దగ్గరికి వెళ్లి, ప్రతి ఒక్కటీ చేత్తో తడిమి చూశారట. వెంట్రుకంత పగులు కూడా లేదన్నారు. కూర్చోబెట్టి టీ ఇప్పించారు. బిగించమన్నదీ నువ్వే, విప్పమంటున్నదీ నువ్వేనా అన్నారు. నేను అవునన్నాను. నట్లు వదులు చెయ్యడానికి ఒప్పుకున్నారు. వంతెన మూయడానికి మాత్రం ఒప్పుకోలేదు. మిల్లుకి వేరే దారి లేదు, ఒక అనుమానం కోసం అంతమంది పని ఆపలేను, మీరు మీ పని చేసుకోండి, వాళ్ల నడక వాళ్లు నడుస్తారు అన్నారు. ఎంత చెప్పినా అదే మాట.

తెల్లవారగానే మొదలుపెడతాం. మేస్త్రికి అన్నీ చెప్పాను, ఏమీ అడగలేదు, పానాలు సిద్ధం చేస్తున్నాడు. ఈ ఒడ్డున గేటుకి నేనే తాళం వేస్తాను, పెద్దాయన ఏమన్నా సరే. ఆ ఒడ్డున రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లని ఆపడానికి మనిషి కావాలి. మా ఆవిడ తను వెళ్తానంది. ఇంట్లో ఉంచమన్నావు. చెప్పి చూశాను. మిల్లు ఆడవాళ్లు నా మాట వింటారు, మీ మాట వినరు అంది. అది నిజమే. జనం లేనప్పుడు, చీకటితోనే దాటిస్తాను.

బయట గాలి మారింది. చాలా రోజుల తర్వాత నక్షత్రాలు కనిపిస్తున్నాయి.

నీ తమ్ముడు

*

ఆసుపత్రి, పై అంతస్తు

వదిన గారికి,

మీ తమ్ముడు బతికే ఉన్నారు. ముందు ఆ మాట రాయాలని రాస్తున్నాను. కుడి భుజం విరిగింది, చెయ్యి కదపలేరు, అందుకే ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. మీరు విన్నది ఎంతో నాకు తెలియదు. నేను చూసింది రాస్తాను.

చీకటితోనే నేను మిల్లు ఒడ్డుకి వెళ్లి గేటు మూసి, ముందు నిలబడ్డాను. షిఫ్టు దిగిన వాళ్లు వచ్చారు. అలిసిపోయి ఉన్నారు, ఇళ్ల దగ్గర పిల్లలున్నారు. మొదట బతిమాలారు, తర్వాత తిట్టారు. ఒకావిడ, టీచరమ్మకి పొద్దున్నే పిచ్చెక్కింది అంది. గొలుసు నా నడుముకి చుట్టుకుని నిలబడ్డాను.

మీ తమ్ముడు, మేస్త్రి ఊరి ఒడ్డున ఎగువ వైపు నట్లు వదులు చేస్తున్నారు. మొదట్లో తేలిగ్గానే తిరిగాయట. సగం కూడా కాలేదు, కొండ వెనక నుంచి ఎండ వచ్చింది. ఎంత బాగుందో వదినా, ముఖానికి తగిలితే. తిట్టేవాళ్లు కూడా ముఖాలు అటు తిప్పారు. అప్పుడు చప్పుడు మొదలైంది. ఎవరో మెటికలు విరుస్తున్నట్టు, ముందు ఒకటి, తర్వాత వరసగా. ఎక్కడి నుంచో తెలియలేదు. తర్వాత ఈయన చెప్పారు, అది కడ్డీల్లోంచేనట. నట్లు ఇక తిరగలేదు. ఇద్దరూ వేలాడినా పానా వంగింది గానీ నట్టు కదలలేదు.

అప్పుడే పెద్దాయన వచ్చారు. ఊరి ఒడ్డున ఉదయం షిఫ్టు వాళ్లు గేటు దగ్గర గుమిగూడి అరుస్తున్నారు. ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. తీసి లోపలికి వచ్చి, మళ్లీ తనే మూశారు. అంతమందిని ఆపి తను ఒక్కరే వంతెన మీదకి నడిచారు. నేను ఎదురుగా చూస్తున్నాను. గబగబా కాదు, రోజూ నడిచినట్టే నడిచారు. మీ తమ్ముడు పానా వదిలేసి, "వెనక్కి రండి సార్, దండం పెడతాను, వెనక్కి రండి" అని పిలిచారు. ఆయన నడిమి దాకా వచ్చి, ఆగి, మా అందరికీ వినిపించేలా అన్నారు. "చూడండమ్మా, నేను నిలబడ్డాను. ఏమీ కాదు."

ఆయన మొండితనంతో అన్నారని ఊళ్లో అంటున్నారు. నేను ఆయన ముఖం చూశాను. మా భయం పోగొట్టాలనే అన్నారు.

దిమ్మ పగిలింది. కడ్డీ అందులోంచి ఊడి కొరడాలా వచ్చి మీ తమ్ముడి భుజాన్ని కొట్టింది. మేస్త్రి ఈయన్ని వెనక్కి లాగకపోతే తలకే తగిలేది. ఒకటి ఊడగానే మిగిలినవి ఒక్కొక్కటిగా ఊడిపోయాయి. వంతెన పడిపోలేదు. ఒక పక్కకి తిరిగింది, మంచంలో మనిషి అటు ఒత్తిగిలినట్టు. మళ్లీ మెల్లగా వెనక్కి వచ్చింది. వచ్చేసరికి నడిమిన ఎవరూ లేరు.

నన్ను తిట్టిన ఆవిడే నా నడుముకి ఉన్న గొలుసు విప్పింది. ఒకరు నది వెంట కిందకి పరుగెత్తితే, అందరూ పరుగెత్తారు. పెద్దాయన దిగువన దొరికారు.

ఆయన భార్య నిన్న ఇక్కడికి వచ్చారు. మీ తమ్ముడి మంచం పక్కన కూర్చుని, ఆయన మీ మాట వినేవారే కదా బాబూ, ఇంకొక్కసారి చెప్పి ఉండాల్సింది అన్నారు. ఈయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. అప్పటి నుంచి అన్నం ముట్టలేదు.

విచారణకి ముగ్గురు వచ్చారు. కడ్డీలు బిగించమన్నది ఎవరని అడుగుతున్నారు. నేనే అని ఈయన చెప్పారు. పెద్దాయన పేరు ఎత్తలేదు, మీ పేరూ ఎత్తలేదు. బిగించమన్నది ఎవరో రాసుకున్నారు. విప్పడానికి వెళ్లింది ఎవరో కూడా రాసుకున్నారు. చలిలో ఆ కడ్డీలు ఏమవుతాయో ముందే తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అక్క ముందే చెప్పి ఉంటే అని మీ తమ్ముడు ఇప్పటికి ఒక్కసారి కూడా అనలేదు వదినా. నిద్రలో కూడా అనలేదు, నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నేను అంటున్నాను.

సోమవారం విచారణ వాళ్లు మళ్లీ వస్తారు. మీరు ఆదివారం బస్సు ఎక్కితే సరిపోతుంది.

మీ మరదలు